బంజరు అను మాటకు జవాబు: ప్రకృతి రచనలు, గ్రామ భూములు

గ్రామ పంచాయతీ సభ్యులలో పహాణీ నకలును చూడనివారుండరు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, సాగుదారు పేరు, వేసిన పంట - ఇవి అందులోని వివరములు. భూమి ఎవరిదో తేల్చుకొనుటకు ఇంతకంటె అవసరమైన కాగితము వేరొకటి లేదు. తగవు వచ్చినపుడు 1954-55 నాటి ఖాస్రా పహాణీని వెదకించుట తెలంగాణలో మనకందరకు అనుభవమే. అయితే ఆ కాగితము భూమిని గూర్చి చెప్పని విషయములును చాల కలవు. పొలము గట్టున ఏ చెట్టున్నది? మిట్టపై కురిసిన వాన ఏ వాగు వెంట ఏ చెరువును చేరును? వేసవిలో గొఱ్ఱెలకు అచట మేత దొరకునా? వీనిని పహాణీ చెప్పదు. చెప్పుట దాని పని కాదు.

చిక్కు వేరొకచోట కలదు. కాగితము చెప్పని దానిని మనము క్రమముగా లేనిదానిగా భావింపసాగితిమి. 'బంజరు' అని వ్రాసియున్న భూమిని చూడగానే అది ఎందుకును పనికిరాని నేల యని అనుకొనుట అలవాటైనది. ఈ అలవాటును మార్చగల సాధనములలో మంచి ప్రకృతి రచన ఒకటి. చెట్టును, పిట్టను, నీటిని, నేలను చక్కగా పరిశీలించి వ్రాసిన వ్రాత చదువరికి తన భూమితో గల సంబంధమునే మార్చును. అది ఎట్లు జరుగునో, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఎట్లు జరిగినదో, అందుండి పంచాయతీలు ఏమి నేర్చుకొనవలెనో ఈ పాఠములో విచారింతము.

ఒకే భూమి, రెండు వ్రాతలు

ముందుగా ఒక ఉదాహరణము తీసికొందము. ఊరికి పడమట పెద్ద బండలతో కూడిన మిట్ట యొకటి కలదనుకొందము. మన రెండు పాత జిల్లాలలో ఇట్టి మిట్ట లేని గ్రామములు తక్కువ. దానిని గూర్చి రెవెన్యూ లెక్కలో ఇట్లుండును: "బంజరు. 12 ఎకరముల 20 గుంటలు. సాగు లేదు."

అదే మిట్టను ఆ ఊరిలో పుట్టి పెరిగి, కండ్లు తెరచి తిరిగినవాడు వ్రాసినచో ఇట్లు వ్రాయును: "బండల నడుమ సీతాఫలము పొదలు కలవు. దసరా ముందు ఊరి స్త్రీలు గంపలతో పండ్లు దెచ్చి సంతలో అమ్ముకొందురు. మిట్ట దిగువను తంగేడు కలదు. బతుకమ్మకు పూవు ఇచటినుండియే వచ్చును. పూర్వము తోళ్ళు ఊనుటకు దీని పట్టను వాడెడివారు. మోదుగాకుతో విస్తళ్ళు కుట్టుదురు. మృగశిర కార్తెలో తొలివాన పడగానే మిట్టమీది నీరు తూర్పు మొగముగా పారి కట్టుకాలువలో కలియును. ఆ కాలువయే ఊరచెరువునకు ఆధారము. గడ్డిలో కౌజులు, పూరేళ్ళు గ్రుడ్లు పెట్టును. పంటలు కోసిన దాక గొఱ్ఱెల మందలకు ఇదియే మేతబీడు."

రెండును నిజములే. రెండును ఒకే భూమిని గూర్చినవే. కాని మొదటి వ్రాతను మాత్రమే చదివిన పంచాయతీ ఆ మిట్టను కంకర క్వారీకి ఇచ్చుటకు ఐదు నిమిషములలో తీర్మానము చేయును. రెండవ వ్రాతను కూడ చదివిన పంచాయతీ, కట్టుకాలువ తెగినచో చెరువు నిండునా, చెరువు నిండనిచో దిగువ ఆయకట్టు ఏమగును, మందలు ఎచటికి పోవును అని ముందుగా అడుగును. చివరకు ఏ నిర్ణయము చేసినను తెలిసి చేయును. ప్రకృతి రచన వలన కలుగు మార్పు ఇట్టిది. చదువరి అదే భూమిని మునుపటికంటె వివరముగా చూచుట నేర్చుకొనును.

పూర్వపు వ్రాతలలో ఈ రెండును కొంతవరకు కలిసియుండెడివి. మన గ్రామములలోని పాత దాన శాసనములను పరిశీలించినచో, భూమికి ఎల్లలు చెప్పునపుడు చెట్టును, పుట్టను, బండను, చెరువును, వాగును పేర్కొనుట కాననగును. పొలిమేర తెలియవలెనన్న చెట్టు తెలియవలసియుండెను. సర్వే నంబర్లు వచ్చిన పిమ్మట ఎల్లలు కచ్చితమైనవి. అది మేలే. కాని చెట్టును, పుట్టను గుర్తించు అవసరము తగ్గినది.

లేదన్న మాటకు లెక్క వ్రాసి చూపుట

'ఇక్కడ ఏమియు లేదు' అను మాట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకప్పుడు ఒక వ్యాసములో వెలువడినది. దానికి జవాబు చెప్పినవారు గద్వాల ప్రాంతమునకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు. వారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. ఆ మాటకు కోపముతో సమాధానము వ్రాసి ఊరకుండలేదు. ఊరూర నుండి కవుల వివరములను, పద్యములను సేకరించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కానవచ్చిరి. లేరన్నవారు మరల నోరు మెదపలేదు. అంతకంటె ముఖ్యముగా, తెలంగాణ ప్రజలే తమను తాము క్రొత్తగా చూచుకొనిరి.

ఇందులో పంచాయతీలకు గొప్ప పాఠము కలదు. లేదన్న మాటకు సరియైన జవాబు ఉన్నదానిని లెక్కించి, పేరు పేరున వ్రాసి చూపుటయే. కవుల విషయమున పనిచేసిన ఈ పద్ధతి చెట్ల విషయమునను, చెరువుల విషయమునను పనిచేయును.

వారి రెండవ కృషియు మనకు ఉపయోగకరమైనదే. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' యందు వారు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు జీవించిరి అని వెదకిరి. అందుకు పాత కావ్యములనే సాక్ష్యములుగా చదివిరి. 1955లో ఈ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగులో ఆ బహుమానమును పొందిన మొదటి గ్రంథమిదియే.

కావ్యమును ఇట్లు చదువుట నేర్చుకొన్నచో దాని విలువ ఇనుమడించును. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యద యందలి వర్షాకాల వర్ణనలో మేఘముల అందము మాత్రమే లేదు. తడిసిన కట్టెలు రాజుకొనక పొగతో అవస్థపడు ఇల్లాండ్రు, వానలో పొలము పనులు చేయు కాపులు కూడ అందు కలరు. అట్టి వర్ణనను చదివిన రైతు తన పని గ్రంథములో చోటుచేసికొనదగినంత గౌరవము గలదని తెలిసికొనును. తన పనికి గౌరవము కలదని తెలిసినవాడు ఆ పని జరుగు నేలను తక్కువగా చూడడు.

ఈ దారి మన కాలమునను కొనసాగినది. బిజినేపల్లిలో జన్మించిన పాకాల యశోదారెడ్డిగారు పాలమూరు పలుకుబడిలోనే కథలు వ్రాసి, ఊరి మాటకు పుస్తకములో పీటవేసిరి. నాగర్‌కర్నూల్ ప్రాంతపు గౌరారమున జన్మించిన గోరటి వెంకన్నగారు వాగును, చెట్టును, పిట్టను పాటలలో పాడుచు వచ్చిరి. వారి 'వల్లంకి తాళం' అను కవితా సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. పాలమూరనగానే వలసలు, కరువు అని మాత్రమే వినియున్న పట్టణవాసులు ఇట్టి రచనల మూలమున ఆ నేలలోని చెట్టు చేమలను, మాట సొంపును తెలిసికొనిరి. కరువును దాచక, కరువుతోపాటు ఉన్నదానిని కూడ చూపిన రచనలివి.

అడవిని చదివిన గ్రంథము

వ్రాత వలన భూమిపట్ల ప్రభుత్వపు దృష్టియే కొంత మారిన సందర్భము మన అమ్రాబాద్ పీఠభూమిపై కలదు. నిజాం కాలమున ఫరహాబాద్ అడవి వేటకు ప్రసిద్ధి. అధికారుల లెక్కలలో అది కలపకు, వెదురునకు, పెద్దపులుల వేటకు తావు. 1931-32 సంవత్సరములలో సలీం అలీగారు హైదరాబాద్ సంస్థాన పక్షులను పరిశీలింపగా, ఆ వివరములు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వెలువడెను. అడవిలో వేటాడదగిన జంతువులే గాక, పేరు పేరున గుర్తింపదగిన పక్షులు గలవని చదువరులకు అట్టి వ్రాతల వలన తెలియవచ్చినది.

తరువాత 1940 ప్రాంతమున హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు చెంచుల నడుమ నివసించి, వారి జీవితమును గూర్చి 1943లో ఒక గ్రంథమును ప్రకటించెను. చెంచులు ఏ కాలమున ఏ గడ్డలను త్రవ్వుదురు, తేనెను ఎట్లు తీయుదురు, ఒక్కొక్క పెంటవారు అడవిలో ఏ ఏ తావులను తమవిగా భావింతురు అను విషయములు అందు వివరింపబడినవి. పటములో ఖాళీగా కనుపించు అడవి ఖాళీ కాదనియు, అందు అంగుళమంగుళము తెలిసిన మనుష్యులు కలరనియు ఆ గ్రంథము చదివినవారికి బోధపడెను. ఆయన సిఫారసులపై నిజాం ప్రభుత్వము అమ్రాబాద్ పీఠభూమిలో కొంత అడవిని చెంచుల కొరకు ప్రత్యేకించెను. చెంచుల కష్టములు దానితో తీరలేదు. కాని వారు ఆ అడవిలో చొరబడినవారు కారు, ఆ అడవివారే అను మాట కాగితమునకు ఎక్కినది.

ఆ అడవియే నేడు అమ్రాబాద్ పులుల అభయారణ్యము. 2019లో అచట సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియమునకై అన్వేషణ జరుపు ప్రతిపాదన వచ్చినపుడు చెంచులు, చుట్టుపట్ల గ్రామములవారు ఎదిరించిరి. నల్లమలను ఎన్నడును చూడనివారు కూడ వారితో గొంతు కలిపిరి. పాటలు, వ్యాసములు, చిత్రములు దేశమంతట వ్యాపించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియము త్రవ్వకమునకు వ్యతిరేకముగా ఏకగ్రీవ తీర్మానము చేసినది. చూడని అడవి కొరకు మనుష్యుడు మాటాడవలెనన్న, ఆ అడవి వ్రాతలోనో పాటలోనో వాని యింటికి చేరియుండవలెను.

పొగడ్త చాలదు

ప్రకృతిని పొగడు ప్రతి వ్రాతయు ఇట్టి మేలు చేయునని మాత్రము అనుకొనరాదు. మహబూబ్‌నగరు చెంత పిల్లలమఱ్ఱి యను మహావృక్షము కలదు. దాని వయస్సు ఏడు వందల సంవత్సరములని ప్రతీతి. ఎకరములకొలది వ్యాపించిన దాని నీడను గూర్చి తరతరములుగా జనులు చెప్పుకొనుచు వచ్చిరి. ఆ కీర్తి విని వేలాది యాత్రికులు వచ్చిరి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడగా, యాత్రికుల రాకను ఆపివేసిరి. చెదలు మానును తొలిచియుండెను. 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాల ద్వారా చుక్క చుక్కగా మందు నెక్కించి చికిత్స చేసిరి. వేలాడు ఊడలను గొట్టముల ద్వారా నేలకు దించి, వేళ్ళూనుటకు తోడ్పడిరి.

మఱ్ఱి ఊడలు నేలను తాకి వేళ్ళూనినగాని పెద్ద కొమ్మల బరువు మోయుటకు ఆధారము దొరకదు. ఈ చిన్న విషయము పొగడ్తలలో తరచుగా కనుపింపదు. 'ఎంత గొప్ప చెట్టు' అను వ్రాత చదువరిని చూచిపోవు యాత్రికునిగా చేయును. 'ఈ చెట్టు ఎట్లు బ్రతుకును' అను వ్రాత వానిని కాపరిగా చేయును. మనకు కావలసినది ఈ రెండవ విధమైన వ్రాత.

పుస్తకము నుండి పొలమునకు

వ్రాతకును స్థానికుల తెలివికిని పొత్తు కుదిరినపుడు కలుగు ఫలితమునకు కడప జిల్లాలోని కలివికోడి చక్కని నిదర్శనము. జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు 19వ శతాబ్దిలో ఈ పక్షిని గుర్తించగా, దాని వివరములు పుస్తకముల కెక్కినవి. 1900 తరువాత అది ఎవరికిని కానరాలేదు. అంతరించినదనియే శాస్త్రజ్ఞులు తలచిరి. అయినను వ్రాత మిగిలియున్నది గనుక వెదకుటకు వీలైనది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పుస్తకములోని పక్షి బొమ్మను గ్రామస్థులకు చూపుచు తిరిగిరి. లంకమల కొండల చెంత ఒక స్థానిక వేటగాడు ఆ పక్షిని ఎరిగియుండెను. అతని మూలమున 1986 జనవరిలో అది మరల దొరకినది. ఆ తరువాత అచట అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ మార్గమును సైతము ఆ పక్షి కొరకు మార్చవలసివచ్చెను. ముండ్ల పొదల బీడు అనుకొన్న నేల ప్రపంచములో మరెచటను లేని పక్షికి నివాసమని తేలినది.

విదేశములలోను ఇట్టిది జరిగినది. అమెరికాలో రేచల్ కార్సన్ అను రచయిత్రి 1962లో ఒక గ్రంథము వ్రాసి, పొలములపై చల్లిన డి.డి.టి. మందు పురుగులనుండి పక్షులకు ఎట్లు ప్రాకుచున్నదో సామాన్యులకు తెలియునట్లు వివరించెను. పదేండ్ల తరువాత, 1972లో, ఆ దేశమున పంటలపై ఆ మందు వాడకమును నిషేధించిరి. ప్రత్తిపై మందులు చల్లు మన రైతులకు ఈ సంగతి దూరదేశపు ముచ్చట కాదు.

మన గ్రామపు పుస్తకము

ఇంతవరకు చెప్పినవి పెద్దవారి గ్రంథములు. ఇక పంచాయతీ స్వయముగా వ్రాయవలసిన ప్రకృతి గ్రంథము ఒకటి కలదు. 2002లో పార్లమెంటు జీవవైవిధ్య చట్టమును చేసినది. దాని ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పరచవలెను. స్థానిక ప్రజలను సంప్రదించి 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు'ను తయారు చేయుట ఆ కమిటీ ముఖ్య బాధ్యత. గ్రామములోని చెట్లు, మందు మొక్కలు, పాత విత్తన రకములు, పశువుల జాతులు, పక్షులు, చేపలు, వానిని గూర్చి ప్రజలకు గల తెలివి - ఇవన్నియు అందు చేరవలెను.

ఈ రిజిస్టర్లను పూర్తిచేయుటకు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి నెలాఖరును గడువుగా పెట్టియుండెను. గడువు కొరకు నింపిన పుస్తకము ఒకటి, ఊరు కూర్చుండి వ్రాసికొన్న పుస్తకము వేరొకటి. కావున సభ్యులు మొదట చేయవలసిన పని తమ పంచాయతీ రిజిస్టరును తెప్పించుకొని చదువుట. అందు మన ఊరి వాగు పేరున్నదా? మన చెల్కలలో ఒకప్పుడు పండిన జొన్న రకముల పేర్లున్నవా? లేక ఏ ఊరికైనను సరిపోవు చెట్ల జాబితా మాత్రమే యున్నదా? అట్టిదైనచో దానిని మరల వ్రాయించుటకు సిగ్గుపడనక్కరలేదు. రిజిస్టరు ఎప్పటికప్పుడు చేర్పులు చేయదగిన పుస్తకమే.

వ్రాయు విధానము

1. తెలిసినవారిని అడుగవలెను. గొఱ్ఱెల కాపరికి మేత తెలియును. గీత కార్మికునికి తాటి, ఈత వనములు, వానిపై గూళ్ళు కట్టు గిజిగాళ్ళు తెలియును. చేపలు పట్టువారికి చెరువు లోతుపాతులు తెలియును. నీరటికి తూము, అలుగు, కాలువల సంగతి కరతలామలకము. తండాలలోని, చెంచుపెంటలలోని వృద్ధ స్త్రీలకు తెలిసిన ఆకులు, గడ్డలు పెక్కు. అక్షరము రానివారే ఈ పుస్తకమునకు ముఖ్య రచయితలు కావచ్చును.

2. ఊరి పేరుతోనే వ్రాయవలెను. మొక్కను, నేలను, బండను మన ఊరిలో ఏమని పిలుతురో అదే పేరు ముందుండవలెను. శాస్త్రనామమును పిమ్మట ఉపాధ్యాయులు చేర్పవచ్చును.

3. కాలమును, తావును చెప్పవలెను. ఏ కార్తెలో పూచును, ఏ వాగు ఒడ్డున ఉండును, పూర్వము ఎంత యుండెను, నేడెంత మిగిలినది అనునవి లేనిచో ఆ వ్రాత తరువాతివారికి ఉపయోగపడదు.

4. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. చెరువు శిఖము ఆక్రమణకు లోనైనచో అదియు వ్రాయవలెను. ఇసుక తోడుటచే వాగు లోతు పడినచో దాచరాదు.

5. అనుమతి లేనిది వ్రాయరాదు. వంశపారంపర్యముగా ఒక కుటుంబమునకు తెలిసిన మందును వారి సమ్మతి లేక బయటపెట్టరాదు. అరుదైన జంతువు ఈనుచోటును, పక్షి గూటిని అందరకు తెలియునట్లు ప్రకటింపరాదు.

ఈ పుస్తకమును ఏటేట గ్రామసభలో చదివి వినిపించుట మేలు. గ్రంథాలయ పన్ను వసూలు చేయుచున్న పంచాయతీకి గ్రంథాలయమునుండి మంచి పుస్తకములను అడుగు హక్కును కలదు. పాఠశాలలో పిల్లలచేత ఒక వాగును, ఒక చెట్టును గూర్చి వ్రాయింపవచ్చును. నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకునట్లు చూడవలసిన బాధ్యతను 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పంచాయతీలపై ఉంచినది. మన చెల్కలో ఏ చెట్టు తనంతట తాను బ్రతుకునో చెప్పు పుస్తకము చేతనున్నచో ఆ పనియు సులభమగును. జడ్చర్ల చెంతనున్న బాలానగరము పేరు సీతాఫలపు రకము రూపమున దేశపు ఉద్యాన గ్రంథములకు ఎక్కినది. మిట్టలపై ఎవరును నాటక పెరిగిన పండు అది. అట్టివి మన ఊరిలో ఇంకెన్ని కలవో వ్రాసి చూచినగాని తెలియదు.

వృద్ధులతోపాటు ఏటేట కొంత తెలివి మట్టిలో కలియుచున్నది. కాలువ జాడ తెలిసిన చివరి నీరటి పోయిన పిమ్మట ఆ కాలువను ఏ కాగితములోను వెదకి పట్టుకొనలేము. అందుచేత మంచిరోజు చూచుకొని ప్రారంభింపవలసిన పని కాదిది. రాబోవు గ్రామసభలోనే ఒక నోటుపుస్తకము తెరచి, ఊరి పెద్దలను కూర్చుండబెట్టి, మొదటి పుటలో చెరువు పేరు, దానికి నీరు తెచ్చు కాలువ పేరు వ్రాసికొందము.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున 'బంజరు'గా వ్రాయబడిన భూములెన్ని? వానివలన ఎవరెవరికి ఏ ఏ ఉపయోగములు కలవు?
2. మన చెరువునకు నీరు వచ్చు దారిని మొదటినుండి చివరివరకు నడచి చూచినవారు మనలో ఎందరు?
3. మన జీవవైవిధ్య రిజిస్టరును ఎవరు వ్రాసిరి? మనమెప్పుడైన చదివితిమా?
4. ఇరువది యేండ్ల క్రిందట మన ఊరిలో నుండి నేడు కానరాని చెట్టు, పిట్ట, పంట ఏవి?